ఫరోకి పేరు లేదు, మంత్రసానులకి ఉంది

పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం మా పల్లె చర్చి అరుగు మీద పెద్ద రగడే అయింది. డిగ్రీ చదివే కుర్రాడొకడు ఫోనులో ఏదో వీడియో చూసొచ్చాడు. "బైబిలంతా ఐగుప్తోళ్ళ కాడ కొట్టుకొచ్చిందేనంట మాష్టారూ! హోరసు అనే వాళ్ళ దేవుడి కథనే యేసు కథగా మార్చారంట. ఇంక ఈ పుస్తకాన్ని మనం మొయ్యడం దేనికి?" అన్నాడు. పక్కనే ఉన్న పెద్దయ్య, నలభై ఏళ్ళుగా చర్చి గంట కొడుతున్న మనిషి, చేతికర్ర ఎత్తాడు. "ఈ పుస్తకం చేత పట్టుకున్నందుకే గదరా మా తాత ఊరోళ్ళ చేత తన్నులు తిన్నాడు! కొట్టుకొచ్చిందంటావా?" అని లేచాడు. తర్వాత ఇద్దరూ నా మొహం చూశారు. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి గాబట్టి అన్నిటికీ నా కాడ జవాబుంటుందని మావాళ్ళ నమ్మకం. ఆ పూట నేనేమీ చెప్పలేకపోయాను. తర్వాత కూచుని చదివాను. చదివింది మన పత్రికలో రాస్తే ఇంకో పది పల్లెల్లో ఇదే గొడవ వచ్చినప్పుడు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు అబద్ధం సంగతి తేల్చేద్దాం. హోరసు డిసెంబరు 25న పుట్టాడనీ, పన్నెండుమంది శిష్యులున్నారనీ, సిలువ వేశారనీ ఆ వీడియో చెప్పింది. ఐగుప్తు రాతల్లో ఇవేవీ లేవు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో జెరాల్డ్ మాసీ లాంటివాళ్ళు అల్లిన వాదన ఇప్పుడు ఫోన్లలోకి ఎక్కింది. మనువాదుల పుక్కిటి పురాణాలని ప్రశ్నించే మనం, మనకి నచ్చిన పుక్కిటి పురాణాన్ని మాత్రం నమ్మొచ్చా?

కాని పాత నిబంధనకీ ఐగుప్తుకీ ఉన్న సంబంధం మాత్రం నిజం. అదేమీ చిన్న సంబంధం కాదు.

1888లో బ్రిటిష్ మ్యూజియం కోసం బడ్జ్ అనే ఆయన ఐగుప్తులో ఒక పపైరస్ చుట్ట సంపాదించాడు. పపైరస్ అంటే నైలు ఒడ్డున పెరిగే జమ్ము లాంటి మొక్క. దాని బెండు చీల్చి అతికించి కాగితంలా చేసి రాసుకునేవాళ్ళు. ఆ చుట్టలో అమెనెమోపే అనే ఉద్యోగి కొడుక్కి చెప్పిన బుద్ధులు ముప్ఫై అధ్యాయాలుగా ఉన్నాయి. మోషే కాలమని చెప్పుకునే రోజులకి కాస్త అటూ ఇటూగా రాసినవి. 1924లో అడాల్ఫ్ ఎర్మన్ అనే జర్మన్ పండితుడు దాన్ని చదివి, ఇది మన సామెతల గ్రంథంలో ఉన్నదే గదా అని పట్టుకున్నాడు. 22వ అధ్యాయం 17వ వచనం నించి 23వ అధ్యాయం 11వ వచనం దాకా పక్కపక్కన పెట్టుకు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. 22వ అధ్యాయం 20వ వచనంలో పాత అనువాదకులు తలా ఒక రకంగా అర్థం చెప్పిన హెబ్రీ మాట ఒకటుంది. అది 'ముప్ఫై' అయివుంటుందని చాలామంది ఒప్పుకున్నది కూడా ఈ చుట్ట దొరికాకనే.

ఈ అమెనెమోపే ఉద్యోగం ఏంటో తెలుసా? ధాన్యం కొలతలు చూడటం, పొలాలకి హద్దు రాళ్ళు పాతించడం. అంటే అచ్చం మన కరణం! 1984లో కరణీకాలు రద్దయ్యేదాకా మన తాతల చెక్కల్ని కలం మొనతో అటూ ఇటూ తిప్పిన జాతే. అలాంటివాడు కొడుక్కి ఏం చెప్తున్నాడు? బీదవాణ్ణి దోచుకోకు, అవిటివాడి మీద జులుం చెయ్యకు. హద్దు రాయి జరపకు, విధవరాలి గట్టు తినకు. పాపపు సొమ్ము ఇంట్లో నిలవదు, బాతుల్లా రెక్కలు తొడుక్కుని ఎగిరిపోద్ది. సామెతల గ్రంథం తీయండి. బీదవాణ్ణి దోచొద్దు, హద్దు రాయి జరపొద్దు, తండ్రిలేని పిల్లల పొలంలో కాలు పెట్టొద్దు, సొమ్ము గద్దలాగా ఎగిరిపోద్ది. అక్కడి బాతు ఇక్కడ గద్దయింది. అక్కడ విధవరాలు, ఇక్కడ తండ్రిలేని పిల్లలు. అక్కడ గట్టు తిన్నవాణ్ణి చంద్రదేవుడు పట్టుకుంటాడు, ఇక్కడ అనాథల తరపున బలమైన విమోచకుడు వ్యాజ్యానికి వస్తాడు. కరణం తన కొడుక్కి గట్టు జరపొద్దని ప్రత్యేకంగా బుద్ధి చెప్పాల్సొచ్చిందంటే అక్కడ గట్లు ఎంత జోరుగా జరిగేవో మనకి ఒకరు చెప్పాలా?

ఇంకా ఉన్నాయి. అఖెనాటెన్ అనే ఫరో క్రీ.పూ. 1350 ప్రాంతంలో సూర్యబింబం ఒక్కటే దేవుడన్నాడు. ఆ సూర్యుడి మీద రాసిన పెద్ద స్తుతి ఒకటి అమర్నాలో ఒక సమాధి గోడ మీద దొరికింది. రాత్రయితే సింహాలు బయటికి రావడం, తెల్లారితే మనిషి పనికి పోవడం, నీళ్ళలో ఓడలు, చేపలు, ఇవన్నీ 104వ కీర్తనలోనూ కనపడతాయి. యోసేపు మీద పోతీఫరు భార్య వేసిన అభాండం లాంటి కథ కూడా ఐగుప్తులో ఉంది. అన్న భార్య మరిదిని రమ్మనటం, రాకపోతే తనమీదే చెయ్యేశాడని మొగుడితో చెప్పటం. దీన్ని మాత్రం నేను పెద్ద లెక్కలోకి తీసుకోను. మన సారంగధరుడి కథా అదే గదా! అలాంటి కథలు ప్రతి ఊరికీ కాళ్ళతో నడిచిపోతాయి.

ఇవన్నీ అటు నించి ఇటు ఎట్లా వచ్చాయి? నలభై ఏళ్ళు అరణ్యంలో మూటగట్టి తెచ్చారని అనుకోనక్కర్లేదు. ఆరు లక్షలమంది మగాళ్ళు ఒక్క రాత్రి కదిలిపోయినట్టు ఐగుప్తు రాతల్లో ఆనవాలు లేదు. అంత పెద్ద వలస జరగలేదనే ఎక్కువమంది పండితుల మాట. ఎవరో చిన్న గుంపు తప్పించుకుని ఉండొచ్చని కొందరంటారు. అసలు కానాను దేశం మీదే ఐగుప్తు ఇంచుమించు మూడు వందల ఏళ్ళు పెత్తనం చేసింది. యెరూషలేము పాలెగాడు అబ్దిహెబా ఫరోకి రాసుకున్న మట్టిపలకల ఉత్తరాలు అమర్నాలో దొరికాయి. నా కుర్చీ మా అమ్మానాన్నలు ఇచ్చింది కాదు, తమ బలమైన చెయ్యి ఇచ్చింది ప్రభో అని వేడుకుంటాడు వాటిలో. దొర దగ్గర చేతులు కట్టుకున్నవాడు దొర మాట నేర్చుకోకుండా ఉంటాడా? మనం నేర్చుకోలా?

ఇక మా కుర్రాడి అసలు ప్రశ్న: తెచ్చుకున్నదైతే మనకెందుకు? నేను అడిగేది వేరే. తెచ్చుకున్నదాన్ని ఏం చేశారు?

ఆ బలమైన చెయ్యి సంగతే చూడండి. ఐగుప్తు గుళ్ళ గోడల మీద ఫరో బొమ్మ ఎప్పుడూ ఒకటే. ఎడంచేత్తో శత్రువుల జుట్టు గుప్పిట పట్టి, కుడిచెయ్యి పైకెత్తి గద దించబోతుంటాడు. క్రీ.పూ. 3100 నాటి నార్మరు పలక మీద కూడా అదే బొమ్మ. ఎత్తిన ఆ చెయ్యే ఐగుప్తు పెత్తనానికి గుర్తు. నిర్గమకాండంలో చూస్తే ఆ బలమైన చెయ్యి, చాచిన బాహువు యెహోవాది. అది దిగేది ఫరో మీద. దొర చేతిలో కర్ర లాక్కుని దొరనే కొట్టడం అంటే ఇది!

గుండె తూచడం ఇంకొకటి. మనిషి చచ్చాక వాడి గుండెని తక్కెట్లో ఒక పక్క పెట్టి, రెండో పక్క మాత్ అనే న్యాయదేవత ఈకని పెట్టి తూస్తారని ఐగుప్తువాళ్ళ నమ్మకం. గుండె ఈకకి సరితూగితే మోక్షం. పాపంతో బరువెక్కితే కాచుకుని కూచున్న మృగం మింగేస్తది. యెహోవా హృదయాల్ని తూచేవాడని సామెతల్లో ఉంది. నన్ను న్యాయమైన తక్కెట్లో తూచమని యోబు అడుగుతాడు. అదంతా ఒకెత్తు. ఫరో హృదయం కఠినమైందని మన తెలుగు బైబిల్లో చదువుతాం గదా, హెబ్రీలో చాలాచోట్ల అక్కడున్న మాటకి అర్థం 'బరువెక్కింది' అని. ఐగుప్తు నమ్మకం తెలిసినవాడికి ఆ మాట ఎట్లా తగులుద్దో ఊహించండి. దేవుడని పూజలందుకునే ఫరో బతికుండగానే తక్కెట్లో ఓడిపోయాడు. వాడి కొలతతోనే వాణ్ణి తూచారు.

అన్నిటికంటే పెద్దది ఆదికాండం మొదటి అధ్యాయంలో ఉంది. ఐగుప్తులో దేవుడి స్వరూపం అనే బిరుదు ఫరోది. 1922లో సమాధి బయటపడ్డ టుటంఖామున్ పేరు అందరూ విన్నదే. ఆ పేరుకి అర్థమే 'అమోను దేవుడి సజీవ స్వరూపం'. ఆదికాండం ఆ బిరుదుని మనిషన్న ప్రతివాడికీ, మగకీ ఆడకీ, ఇచ్చేసింది. ఇక్కడ ఒక నిజం దాచకూడదు. ఐగుప్తులోనే అంతకు ముందే మెరికరే అనే రాజుకి చెప్పిన నీతుల్లో మనుషులందరూ దేవుడి ఒంట్లోంచి వచ్చిన ప్రతిరూపాలే అన్న మాట ఉంది. కాబట్టి ఐగుప్తోళ్ళందరికీ మనిషి విలువ తెలియదనడం తప్పు. కాని ఆ నీతుల్లోనే వెంటనే ఏముందంటే, ఆ మనుషుల కోసం పాలకుల్ని కూడా దేవుడే గుడ్డులోనే తయారుచేశాడని! ఇది మనం ఎక్కడో విన్న పాటే. పుట్టకముందే ఎవడి చోటు వాడికి రాసిపెట్టి ఉందన్నమాట. ఆదికాండంలో ఆ రెండో ముక్క లేదు.

పండితులు కాగితాలు సరిచూసుకుంటారు. కష్టజీవి చూడాల్సింది ఇంకొకటుంది, అది ఇటుక. రెఖ్మిరే అనే ప్రధానమంత్రి సమాధి గోడల మీద క్రీ.పూ. 1450 ప్రాంతపు రంగుల బొమ్మలున్నాయి. పట్టుబడి వచ్చిన సిరియావాళ్ళు, నూబియావాళ్ళు మట్టి పిసికి, అచ్చులో పోసి, ఎండబెట్టి, కావడితో మోస్తున్నారు. పక్కన కర్ర పట్టుకున్న మేస్త్రీ. రామెసేసు రెండో ఫరో కాలపు తోలు చుట్ట ఒకటి పారిస్‌లో లూవ్రు మ్యూజియంలో ఉంది. దాంట్లో ఒక్కో మేస్త్రీకి రెండేసి వేల ఇటుకల లెక్క రాసుంది. మనుషులూ లేరు, ఇటుకలోకి గడ్డీ లేదు అని ఒక ఉద్యోగి ఏడ్చుకుంటూ రాసిన కాగితం ఇంకోటి దొరికింది. ఇప్పుడు నిర్గమకాండం 5వ అధ్యాయం చదవండి. గడ్డి మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి కూడా తగ్గడానికి వీల్లేదు! ఈ మాట పుస్తకం చూసి రాసింది కాదు. ఒంటి మీద వాత పడ్డవాడు చెప్పింది. ఆ వలస జరిగిందా, ఎంతమంది అన్న లెక్క పండితులు తేల్చుకుంటారు. ఆ ఇటుకల బట్టీ మాత్రం నిజం.

తెల్లదొరలకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. 1807లో లండన్‌లో ఒక బైబిల్ అచ్చేశారు, వెస్టిండీస్ దీవుల్లో చెరకు తోటల నీగ్రో బానిసల కోసం ప్రత్యేకంగా. పాత నిబంధనలో పదింట తొమ్మిది వంతులు కోసేశారు. ఏం ఉంచారు? యోసేపు కథ ఉంచారు. అమ్ముడుపోయినా యజమానికి నమ్మకంగా కొలువు చేశాడు గదా! ఏం తీసేశారు? మోషే ఫరో ముందు నిలబడి మా జనాన్ని వదిలిపెట్టు అన్న భాగం. పుస్తకం పవిత్రం అంటూనే కత్తెర పట్టుకున్నారు. అయినా ఆగిందా? అమెరికాలో తాను తప్పించుకుని, మళ్ళీ వెనక్కెళ్ళి ఎందరో బానిసల్ని చీకట్లో నడిపించుకొచ్చిన హారియట్ టబ్మన్‌ని జనం మోషే అనే పిలిచారు. ఆ అమెరికాలో బానిసత్వం రద్దు కోసం నిలబడ్డ జనానికే మన జోతిరావు ఫూలే 1873లో తన 'గులాంగిరి'ని అంకితమిచ్చాడు.

అయితే మిత్రులారా, ఇక్కడితో చప్పట్లు కొట్టి లేచిపోతే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఐగుప్తు నించి వచ్చిందంతా తిరగబడి రాలేదు. ఏడో రోజున నీ దాసుడికీ, దాసికీ, ఎద్దుకీ, గాడిదకీ విశ్రాంతి ఇవ్వు, నువ్వు ఐగుప్తులో దాసుడివని గుర్తుపెట్టుకో అని ద్వితీయోపదేశకాండం చెప్తది. ఏడాది పొడుగునా సెలవెరుగని జీతగాళ్ళ పిల్లలం, ఆ మాట విలువ మనకి తెలుసు. కాని దాసుడికి విశ్రాంతి ఇవ్వమంది గాని దాసుణ్ణే ఉంచుకోవద్దని అనలేదు. లేవీయకాండం 25వ అధ్యాయం పరాయి జాతి దాసుల్ని పిల్లలకి ఆస్తిగా రాసివ్వొచ్చు అంటది. ఇటుకలు మోసినోళ్ళ పేరు చెప్పుకునే పుస్తకంలోనే ఇదీ ఉంది. చర్చిలో ఈ వచనం మీద ప్రసంగం నేనింతవరకు వినలేదు.

బడిపంతులుగా నన్ను ఎక్కువ కుదిపేసింది మరొకటి. ఖేతి అనేవాడు కొడుకుని రాయసగాళ్ళ బడికి తీసుకుపోతూ చెప్పిన మాటలని ఐగుప్తులో ఒక పాఠం ఉంది. వందల ఏళ్ళపాటు బడిపిల్లల చేత దాన్ని కాపీరాత రాయించారు. ఏంటా పాఠం? కుండలు చేసేవాడు పందికంటే ఎక్కువగా బురదలో పొర్లుతాడు. బట్టలుతికేవాడు మొసళ్ళ పక్కన బతుకుతాడు. చెప్పులు కుట్టేవాడు తోలు కొరుక్కుంటూ కూచుంటాడు. ఒక్క రాయసగాడికే పైన అధికారి లేడు, కాబట్టి బాగా చదువుకో నాయనా అని. అక్కడ మన కులం లాంటిది ఉందని నేననటం లేదు. కాని ఆ నవ్వు మనకి తెలుసు! "చదవకపోతే గొడ్లు కాసుకుంటావురా" అని నన్ను కూచోబెట్టిన పంతులు నవ్వు అదే. మా నాన్న గొడ్లు కాసే నన్ను చదివించాడు.

ఆ నవ్వు కూడా ఐగుప్తు నించి యెరూషలేముకి నడిచొచ్చింది. క్రీ.పూ. 180 ప్రాంతంలో రాసిన సీరా జ్ఞానగ్రంథం కతోలికుల బైబిల్లో ఉంది, ప్రొటెస్టెంట్ల బైబిల్లో లేదు. దాని 38వ అధ్యాయంలో నాగలి దున్నేవాడు, కమ్మరి, కుమ్మరి వరసగా వస్తారు. ఖేతి లాగా ఎగతాళి చెయ్యడు. వీళ్ళు లేకపోతే ఊరే లేదని ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, అయినా సభలో వీళ్ళకి కుర్చీ ఉండదు, తీర్పు చెప్పే పీట మీద కూచోరు అంటాడు. మన ఊరి రచ్చబండ కాడ అనేమాటే. ఆ పుస్తకాన్ని ఆయన మనవడు గ్రీకులోకి మార్చింది మళ్ళీ ఐగుప్తులోనే. ఎక్కడ పుట్టిన మాట అక్కడికే చేరింది. ఆ ఐగుప్తులోనే ఫరోల సమాధులు తొలిచే పనివాళ్ళు రామెసేసు మూడో ఫరో ఏలుబడి 29వ ఏట తిండిగింజలు అందలేదని పనిముట్లు కింద పడేసి గుడి వెనకాల బైఠాయించారు. చరిత్రలో రాతకెక్కిన మొదటి సమ్మె అదేనంటారు. ఆ కబురు కాగితం మీద పెట్టింది మళ్ళీ ఒక రాయసగాడే. అందరు రాయసగాళ్ళూ ఖేతి లాగా లేరు.

ఇంక పేర్ల సంగతి. మోషే అన్న పేరే ఐగుప్తుది. టుట్‌మోసు, రామోసు అన్న ఫరోల, మంత్రుల పేర్ల చివర వచ్చే ముక్కే అది. 'ఫలానా దేవుడికి పుట్టినవాడు' అని అర్థం. ముందుండాల్సిన దేవుడి పేరు మోషేకి లేదు. నీళ్ళలోంచి తీశాను గాబట్టి ఆ పేరు అని నిర్గమకాండం హెబ్రీలో కొత్త అర్థం చెప్పింది. పెత్తందారు పెట్టిన పేరుకి మన అర్థం మనం చెప్పుకోవడం మనకీ అలవాటే.

ఐగుప్తువాళ్ళకి పేరంటే ప్రాణం. పేరు చెరిపేస్తే మనిషి పరలోకంలో కూడా లేకుండా పోతాడని నమ్మకం. అందుకే ఫరోలు తమ పేరు చుట్టూ గీత గీసి ప్రతి గోడ మీదా చెక్కించుకున్నారు. మెర్నెప్తా అనే ఫరో క్రీ.పూ. 1208 ప్రాంతంలో నిలబెట్టిన రాయి 1896లో దొరికింది. తాను ఓడించినవాళ్ళ జాబితాలో ఇశ్రాయేలు అనే జనం విత్తనం కూడా మిగల్లేదని చెక్కించాడు. ఇశ్రాయేలు అన్న పేరు లోకంలో మొదటిసారి గట్టిగా కనపడింది ఆ రాతి మీదే. నాశనం చేశానని వాడు గొప్పలు చెప్పుకున్న రాయే వాళ్ళ ఉనికికి సాక్ష్యమైంది.

ఇప్పుడు నిర్గమకాండం మొదటి అధ్యాయం తీయండి. మగపిల్లల్ని చంపమన్న ఫరో ఎవరు? పేరు లేదు. పుస్తకం చివరిదాకా వెతికినా ఉండదు. రామెసేసా, ఇంకొకడా అని పండితులు ఈనాటికీ కొట్టుకుంటున్నారు. కాని ఫరో ఆజ్ఞ ధిక్కరించి పిల్లల్ని బతికించిన ఇద్దరు మంత్రసానులకి పేర్లున్నాయి, షిఫ్రా, పూయా. ఇప్పుడు అమెరికాలో బ్రూక్లిన్ మ్యూజియంలో ఉన్న ఒక పపైరస్ మీద, నిర్గమకాండం కంటే ఎన్నో వందల ఏళ్ళ ముందటి ఐగుప్తు పనివాళ్ళ జాబితా ఉంది. అందులో నలభైమందికి పైగా తూర్పు నించి వచ్చిన పరాయి జాతివాళ్ళు. షిఫ్రా లాంటి పేరున్న దాసి ఒకామె అందులో ఉంది. ఆమే ఈమె అని కాదు. అలాంటి పేరు అలాంటి ఇళ్ళల్లో నిజంగా ఉండేదని.

ఈ ఆదివారం అదే అరుగు మీద ఇదంతా చెప్పాను. పెద్దయ్య చేతికర్ర పక్కన పెట్టి విన్నాడు. లేవీయకాండం వచనం దగ్గర మాత్రం మొహం తిప్పుకున్నాడు. కుర్రాడు మంత్రసానుల దగ్గర ఆగాడు. "మీ తాతమ్మ కూడా మంత్రసానే గదా మాష్టారూ, ఊళ్ళో పెద్దిళ్ళన్నిటికీ ఆమే పురుళ్ళు పోసేదంట. ఆమె పేరేంటి?" అన్నాడు.

ఊళ్ళో రెండు తరాలు ఆమె చేతుల్లో పుట్టాయి. పురుడు వచ్చినప్పుడు నడింటి గదిలోకి పిలిచేవాళ్ళు, పదకొండో రోజు దాటితే పెరటి గుమ్మం కాడ నిలబెట్టేవాళ్ళు. ఊరోళ్ళు మంత్రసాని అన్నారు, మా ఇంట్లో తాతమ్మ అన్నాం. పేరు నాకు తెలియదు. ఫరోల పేర్లు వరసపెట్టి చెప్పిన నోటితో ఆ మాట చెప్పాల్సొచ్చింది. మా నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. అడగడానికి ఇంక మా మేనత్త ఒక్కతే ఉంది. వచ్చే ఆదివారం ఆమె దగ్గరికి పోతున్నాను.